అప్పగింతల పాట

"తినకపోతే మానెయ్యమను. ఎవరి కడుపు వాళ్ళకే కాలతాది" అన్నాడు రహమతుల్లా గోడ వైపు తిరిగి.

గోడ అవతలి గదిలో అల్లావుద్దీన్ ఉన్నాడు. తమ్ముడికి వినబడాలనే రహమతుల్లా ఆ మాట గట్టిగా అన్నాడు. అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాడు. దుత్తలూరు పెళ్ళి నుంచి వచ్చిన ఈ మూడు రోజుల్లో ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడినా తప్పే, మెల్లగా మాట్లాడినా తప్పే అయిపోయింది.

మస్తాన్‌బీ అన్నం పళ్ళెం పట్టుకుని మొగుడికీ మరిదికీ మధ్య గడపలో నిలబడింది.

"మైకులో అన్నది చాల్లేదా? ఇప్పుడు గోడకు గూడా చెప్తా ఉండావా?"

"కావాలని అన్నానా? మైకు ఆపి ఉండాదనుకున్నాను."

"ఆపి ఉంటే మాత్రం అనొచ్చా? అది చెప్పు ముందు."

రహమతుల్లా లేచి వరండాలోకి పోయాడు. అక్కడ నాలుగు మైకు గొట్టాలు, వైరు చుట్టలు, ఆంప్లీఫైరు, రికార్డుల పెట్టె బస్సు మీంచి దించినవి దించినట్టే పడి ఉన్నాయి. పక్కింటి కోడిపెట్ట ఒక గొట్టంలో దూరి గుడ్డు పెట్టే ప్రయత్నంలో ఉంది. ఇంకో రోజైతే రహమతుల్లా దాన్ని కొండ దాకా తరిమి ఉండేవాడు. ఇవాళ దాన్ని చూసి ఊరుకున్నాడు.

ఉదయగిరి చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో ఒకప్పుడు రహమతుల్లా మైకుసెట్టు లేకుండా పెళ్ళి జరిగేది కాదు. పాటలు పెట్టడానికి ఆయనకొక వరస ఉండేది. తెల్లవారగానే దేవుడి పాట. పెళ్ళికొడుకు విడిదిలో దిగేటప్పుడు హుషారు పాట. తలంబ్రాలకు సరసం, బంతి భోజనాలకు హాస్యం. అన్నిటికంటే ముఖ్యం అప్పగింతల పాట. ఆ పాట కోసం ఆడవాళ్ళు కొంగులు సవరించుకుని కూర్చునేవాళ్ళు. పెళ్ళికూతురి చెయ్యి అత్తగారి చేతిలో పెట్టే సమయానికి సూది రికార్డు మీద పడాలి. ఒక నిమిషం ముందు పడితే ఏడుపు పండదు. ఒక నిమిషం వెనక పడితే ఉన్న ఏడుపు కాస్తా ఎండిపోతుంది. రహమతుల్లా పెడితే మగపెళ్ళివారి ముసలమ్మ కూడా కళ్ళొత్తుకుంటుందని పేరు.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. అల్లావుద్దీన్ ఆత్మకూరు పోయి ఒక టేప్‌రికార్డరూ, సంచీడు కొత్త సినిమా పాటలూ తెచ్చాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు క్షణం పడలేదు.

"పాటంటే ముందు మాట వినబడాలిరా" అనేవాడు రహమతుల్లా. "మాట వెనక మనిషి వినబడాల. దీంట్లో ఏముండాది? రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతా ఉండారు. మధ్యలో ఒకడు హా అంటాడు, ఒకతె హూ అంటాది. ఒక పాట అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో కట్టినోడికైనా తెలుసా?"

"జనం అడిగేది ఇదే భాయ్" అనేవాడు అల్లావుద్దీన్. నవ్వేవాడు, అంతే. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

జనం నిజంగానే అదే అడిగేవాళ్ళు. రహమతుల్లాకు కడుపుమంట అక్కడే. పాతికేళ్ళు తన పాటలతో ఏడ్చిన జనం, తనతో ఒక మాటైనా చెప్పకుండా అటు తిరిగిపోయారు.

దుత్తలూరులో జరిగింది ఇది. నారాయణయ్యగారి అమ్మాయి పెళ్ళి. భోజనాలయ్యాక రహమతుల్లా బావి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. అప్పగింతలు మొదలవుతున్నాయని పందిట్లో కదలిక చూసి తెలుసుకుని గబగబా వస్తున్నాడు. ఈలోపే పెళ్ళికొడుకు స్నేహితులు అల్లావుద్దీన్ చుట్టూ మూగి వాళ్ళకు కావలసిన క్యాసెట్టు పెట్టించారు. నాలుగు గొట్టాల్లోంచి ఒక్కసారి దడదడ మొదలైంది. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి గంతులేశారు. పెళ్ళికూతురు ఏడవబోయి అయోమయంగా చూసింది. పక్కన తోడిపెళ్ళికూతురు కిసుక్కున నవ్వింది. తల్లి రాఘవమ్మ కూతురి చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఏడవాలో మానాలో తెలియక.

రహమతుల్లా వచ్చి టేపు చెవి తిప్పి పాట ఆపేశాడు. ఆంప్లీఫైరుకు సౌండు తిప్పే చెవులు రెండు ఉంటాయి, ఒకటి పాటకు, ఒకటి మాటకు. బంతికి రమ్మని పిలవడానికి తెరిచిన మాట చెవి తెరిచే ఉంది. మైకు బల్ల మీద ఉంది. పాతికేళ్ళలో ఏనాడూ చేయని పొరపాటు ఆ రోజు చేశాడు.

"ఒరే చెవిటి వెధవా! ఎడమ చెవి పోయి పన్నెండేళ్ళాయె, ఊరోళ్ళందరి చెవులూ పోగొడితేగానీ నీకు తృప్తి లేదంట్రా? పాటంటే ఏందో వినబడితే గదా నీకు తెలిసేది!"

నాలుగు గొట్టాలూ ఆ మాటను నాలుగు దిక్కులకూ మోసుకుపోయాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మైకులో జారితే ఇక చెప్పేదేముంది? దుత్తలూరు సెంటరులో టీ తాగుతున్న లారీ డ్రైవర్లు కూడా తలలెత్తి విన్నారట. వాళ్ళలో ఆత్మకూరు లాల్ బాషా ఉన్నాడు.

లాల్ బాషా కూతురు కరీమున్నీసాకూ అల్లావుద్దీన్‌కూ వచ్చే నెలలో నికా. అల్లావుద్దీన్‌కు ఎడమ చెవి వినబడదన్న సంగతి ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు.

* * *

"భాభీ, నేను ఆత్మకూరు పోయొస్తాను."

అల్లావుద్దీన్ గదిలోంచి వచ్చాడు. మూడు రోజుల గడ్డం. ఉతికిన చొక్కా మాత్రం వేసుకున్నాడు.

"ఎందుకు నాయనా?" అంది మస్తాన్‌బీ.

"వాళ్ళు కబురు పెట్టేదాకా ఎందుకు? నేనే పోయి చెప్పొస్తాను, చెవి లేదని. ఇష్టముంటే చేస్తారు, లేకుంటే లేదు."

"పెద్దోళ్ళం మేం చచ్చినామా, నువ్వు పోయి చెప్పేదానికి?" అన్నాడు రహమతుల్లా వరండాలోంచి.

అల్లావుద్దీన్ అటు తిరగలేదు. వినబడిందో లేదో తెలియలేదు. వినబడే తిరగలేదేమోనని రహమతుల్లాకు అనుమానం. అదే నిజమైతే బాగుండునని కూడా అనిపించింది. కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుంది.

అల్లావుద్దీన్ చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా సందు మొదట్లో లారీ ఆగిన చప్పుడైంది. మస్తాన్‌బీ తొంగి చూసి, చటుక్కున తలమీద కొంగు లాక్కుంది.

"ఆయనే" అంది.

లాల్ బాషా లావుపాటి మనిషి. లారీ నడిపి నడిపి, నేల మీద నడవడం కొత్తయినట్టు నడుస్తాడు. సలాం చెప్పాడు, చెప్పించుకున్నాడు. రహమతుల్లా మంచం వాల్చి, తమ్ముణ్ణి ఎడం పక్కన కూర్చోబెట్టి, వచ్చిన మనిషిని తమ్ముడి కుడి చెవి వైపు కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళుగా ఎవరొచ్చినా చేసే పనే అది. చెయ్యి దానంతటదే చేసేసింది. చేశాక సిగ్గేసింది.

టీ వచ్చింది. లాల్ బాషా గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"నేను మాటలు దాచుకునేవాణ్ణి కాదు భాయ్. దుత్తలూరులో నేనూ విన్నాను. నిజమేనా?"

"నిజమే" అన్నాడు అల్లావుద్దీన్, అన్న నోరు తెరిచేలోపు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నాదే తప్పు" అన్నాడు రహమతుల్లా. "వాడు చెప్దామనే అన్నాడు. చెప్తే పిల్లనియ్యరేమోనని నేనే ఆపినాను."

లాల్ బాషా తల ఊపాడు.  గొట్టంలో కోడిపెట్ట కదిలింది.

"నేనొకటి అడుగుతాను. దానికి మాత్రం అబద్ధం చెప్పొద్దు" అన్నాడు లాల్ బాషా. "మా అక్క పుట్టు చెవిటిది. నలభై ఏళ్ళుగా మాతోనే ఉండాది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆమె పడిన బాధ నాకు తెలుసు గాబట్టి అడుగుతుండాను. మా రక్తంలో ఒకటి ఉండనే ఉండాది. మీ రక్తంలో గూడా ఉంటే, రేపు నా బిడ్డకు పుట్టే బిడ్డల గతి ఏంది? పన్నెండేళ్ళంటివి గానీ, ఇది నిజంగా పుట్టుకతో వచ్చింది కాదా?"

"లేదు మామూ. చిన్నప్పుడు చెవిలో చీము కారి పోయినాది" అన్నాడు అల్లావుద్దీన్.

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ అదే. మస్తాన్‌బీకి అప్పట్లో అదే చెప్పారు. చనిపోయిన తల్లికీ అదే చెప్పారు.

"అందరూ అట్నే చెప్తారబ్బాయ్" అన్నాడు లాల్ బాషా మెల్లగా. "మా నాయన గూడా అక్కకు అమ్మోరు పోసి పోయిందని ఊరంతా చెప్పినాడు." గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. లేవబోయే మనిషి పద్ధతది.

 ఇప్పుడు నోరు విప్పకపోతే తమ్ముడి పెళ్ళి ఆగిపోతుంది. విప్పితే ఇరవై ఏళ్ళు కాపురం చేసిన భార్య ముందు తన బతుకు బయటపడుతుంది. రహమతుల్లా మస్తాన్‌బీ వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"చీము కాదు లాల్ బాషా భాయ్. నేను పోగొట్టినాను."

"భాయ్, వద్దు" అన్నాడు అల్లావుద్దీన్.

"ఉండరా. చెప్పనీ." రహమతుల్లా గొంతు సవరించుకున్నాడు. "డెబ్బై మూడులో మర్రిపాడులో పెళ్ళి. వీడికి పదకొండేళ్ళు. అప్పట్లో గొట్టాలను మిద్దె మీద వాసానికి కట్టేవాళ్ళం. నాలుగింట్లో ఏది పలుకుతుండాదో, ఏది మూగబోయిందో కింద మిషన్ దగ్గరుండే నాకు తెలవదు. వీణ్ణి పైకెక్కించేవాణ్ణి. గొట్టం మూతికి చెవి ఆనించి విని, పలుకుతా ఉంటే చెయ్యి ఊపేవాడు. చెయ్యి ఊపి పక్కకు జరిగినాక నేను సౌండు పెంచాల. అది పద్ధతి."

"ఊఁ" అన్నాడు లాల్ బాషా.

"ఆ పొద్దు అప్పగింతల వేళయిపోయినాది. ఒక గొట్టం పలకడంలేదు. వీడు చెవి ఆనించి వింటా ఉండాడు. కింద పెళ్ళికూతురు చెయ్యి అత్త చేతిలో పెట్టేస్తుండారు. పాట వేళ తప్పిపోతాదని నాకు తొందర. వీడు చెయ్యి ఊపేదాకా ఆగలేదు. సౌండు చెవి తిప్పేసినాను, మొత్తం. అప్పుడే ఆ గొట్టం పలికింది."

మస్తాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పిల్లనగ్రోవితో మొదలయ్యే పాట అది. అంత మెత్తని పాట ఇంకోటి నా దగ్గర లేదు. కింద ఆడోళ్ళందరూ ఏడుస్తా ఉండారు, రహమతుల్లా పాట ఎట్టా పెట్టినాడో చూడమని నన్ను మెచ్చుకుంటా ఉండారు. నేను పొంగిపోతా ఉండాను. అరగంటకు వీడు నిచ్చెన దిగి వచ్చినాడు. చెవిలోంచి రక్తం, చొక్కా దాకా. నూనె దూది పెట్టి, అమ్మకు చెప్పొద్దన్నాను. వాడు ఇప్పటిదాకా చెప్పలేదు."

చెప్పడం అయిపోయింది. ఇన్నేళ్ళూ కొత్త పాటలు చెవులు పోగొడుతున్నాయని ఊరూరా తిట్టిన మనిషి, తన తమ్ముడి చెవి పోగొట్టింది తనకెంతో ఇష్టమైన పాత పాటేనని నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆయనకు ముఖం చెల్లలేదు.

"పసిబిడ్డను..." అంది మస్తాన్‌బీ. లోపలికి పోయింది. లోపల గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది. 

లాల్ బాషా మోకాళ్ళ మీంచి చేతులు తీసి, మళ్ళీ వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"పనిలో పోయిందన్నమాట" అన్నాడు. గొంతులో బిగువు సడలింది. "అది వేరే సంగతి. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నాకూ ఒక చెవి మందమే. ఇంకో చెవి ఎట్టుండాది అబ్బాయికి?"

"కుడిదా? కుడిది పాము చెవి" అన్నాడు రహమతుల్లా ఆత్రంగా. "సందు చివర ఎవరన్నా గుసగుసలాడితే వింటాడు. ఒక్క ఎడమదే భాయ్. ఖురాన్ మీద..."

"ఒట్లెందుకులే" అన్నాడు లాల్ బాషా. టీ చల్లారిపోయినా రెండు గుక్కలు తాగాడు. "నాకు కావాల్సింది నిజం. అది చెప్పినావు. ఆత్మకూరు పోయి ఆడోళ్ళకు నేను నచ్చజెప్పుకుంటాను."

రహమతుల్లాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. మనిషికి బరువు దిగితే నోరు ఆగదు. ఆయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ నికాకు మైకు నేనే పెడతానురా. ఒక్క క్యాసెట్టు పెట్టను. అన్నీ మన పాత రికార్డులే. ఈ దడదడలు ఇక మానెయ్యి నాయనా, ఉన్న చెవన్నా కాపాడుకో."

"అది మాత్రం నిజం" అన్నాడు లాల్ బాషా. "మా క్లీనరు లారీలో ఆ కొత్త పాటలే పెడతాడు. బద్వేలు పోయొచ్చేసరికి తల పగిలిపోతాది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మన కాలంలో ఒక పాట వింటే నెల దినాలు నోట్లో నానతా ఉండేది."

"ఏముండాదని నానేదానికి? చప్పరిస్తే రాళ్ళు తగలతాయి" అన్నాడు రహమతుల్లా. ఇద్దరూ నవ్వారు. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది. మస్తాన్‌బీ కూడా గడప దాకా వచ్చి నిలబడింది.

అల్లావుద్దీన్ ఒక్కడే నవ్వలేదు. లేచి వరండాలోకి పోయి, రికార్డుల పెట్టె తెరిచి, వెతికి ఒక రికార్డు తెచ్చాడు. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచిన రికార్డు. మర్రిపాడు పాట.

"భాయ్, దీంట్లో పిల్లనగ్రోవి ఎన్నిసార్లు వస్తాది?"

"మూడుసార్లు. ఎందుకురా?"

"పోయిన రంజాన్‌కు నువ్వు లేనప్పుడు పెట్టుకుని విన్నాను. గొట్టం మూతి దగ్గర చెవి పెట్టి విన్నాను, కుడి చెవి. ఒక్కసారి గూడా రాలేదు."

రహమతుల్లా చెయ్యి తమ్ముడి భుజం మీంచి ఎప్పుడో జారిపోయి ఉంది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రికార్డు అరిగిపోయిందేమోరా."

"ఇంకోటి గూడా పెట్టి చూసినాను. పాడే ఆమె గొంతు సగమే వస్తాది. పదాలు రావు. రెండేళ్ళుగా అట్నే ఉండాది. మనుషులు ఎదురుగా ఉంటే పెదాలు చూసి పోల్చుకుంటా ఉండాను." అల్లావుద్దీన్ రికార్డు అంచు వేలితో తడుముతూ మాట్లాడాడు. "నీ పాటలు బాగలేవని నేను ఏనాడన్నా అన్నానా భాయ్? ఆ డప్పులు ఒక్కటే నాకు అందేది. ఇక్కడ, రొమ్ములో కొడతాది. అది పెడితే పాట వింటున్నట్టుండాది. అందుకని పెట్టుకుంటా ఉండాను. నువ్వు తిడతా ఉంటే, ఏం చెప్పేది?"

రహమతుల్లా ఎన్ని తిట్లు తిట్టాడు! ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎంతమంది ముందు! వాటిలో ఒక్కదాన్నయినా వెనక్కి తీసుకునే దారి లేదు.

లాల్ బాషా ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ పోతోంది.

"ఒక్క చెవేనంటివే భాయ్" అన్నాడు.

"నాకు తెలవదు" అన్నాడు రహమతుల్లా. "అల్లా మీద ఆన, నాకు తెలవదు."

"ఆయనకు తెలవదు మామూ. నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు అల్లావుద్దీన్. "మీరు నిజం చెప్పమంటిరి. సగం చెప్పి మీ బిడ్డను తెచ్చుకుంటే, ఇంకో నాలుగేళ్ళకు ఆమె అడగదా?"

లాల్ బాషా అతని వైపు చాలాసేపు చూశాడు. కోపంతో చూస్తున్నట్టు లేదు.

"మా అమ్మాయి మెత్తగా మాట్లాడతాది. ఇంట్లో మాకే రెండుసార్లు అడగాల్సి వస్తాది. ఆమె మాట నీకు వినబడతాదా అబ్బాయ్?"

అల్లావుద్దీన్ రికార్డును అట్టలో పెట్టి, అట్టను మంచం మీద పెట్టాడు.

"మాట ఖాయం చేసుకున్న పొద్దు, పరదా అవతల నిలబడి ఆమె నన్నొకటి అడిగినాది మామూ. అందరూ నా వైపే చూస్తా ఉండారు. నాకేం వినబడలేదు. తలూపినాను." అతను తలెత్తి లాల్ బాషాను చూశాడు. "ఏమడిగినాదో మీరన్నా చెప్పండి."

లాల్ బాషా లేచి నిలబడ్డాడు.

"నా మాట వింటావా అని అడిగినాది. నువ్వు తలూపినావనే గదయ్యా" అన్నాడు, "ఆ పిల్ల ఈ పెళ్ళికి ఒప్పుకునింది."